‘నార్మల్’ అను నివేదికను నమ్మవచ్చునా?

ప్రశ్న: నా పాప్ పరీక్ష పలకను విజయవాడ ల్యాబుకు పంపగా ‘నార్మల్’ అని వచ్చినది. నిశ్చింతగా ఉండవచ్చునా?
— ఒక గృహిణి, నూజివీడు

జవాబు: సోదరీ, మీ సందేహము సమంజసమైనది. గర్భాశయ ముఖద్వారమునుండి గ్రహించిన కణములు తగినన్ని ఉన్నవా, గాజుపలకపై పూసిన తక్షణమే, ఎండకమునుపే, 95 శాతము ఆల్కహాలులో ముంచిరా, రక్తము వాటిని కప్పివేయలేదు గదా అను విషయములు తేలిననే గాని, సూక్ష్మదర్శిని చెంత కూర్చున్న నిపుణుని కన్ను ఎంత నిశితమైనదైనను ఆ నివేదికకు విలువ లేదు. కనుకనే పాప్ నివేదికలను వ్రాయుటకు 1988లో రూపొందిన బెథెస్డా పద్ధతి, నమూనా తృప్తికరమో కాదో నివేదికలోనే తెలుపవలెనన్నది. 2001 సవరణ ప్రకారము సాంప్రదాయిక పలకపై సుమారు 8,000 కణములైనను స్పష్టముగా కానరావలెను.

ఇక మనుష్యదృష్టికి అలసట సహజము. ఏరిపెట్టిన బంగినపల్లి కాయలను మేస్త్రి మరల తిరగవేసి చూచునట్లు, నెగటివు పలకలలో కనీసము పదింట నొకదానిని తిరిగి పరిశీలింపవలెననియు, ఒక్కరు దినమునకు 100 పలకలకు మించి చూడరాదనియు అమెరికా నిబంధనలు కట్టడి చేసినవి. (నా మట్టుకు నూరును ఎక్కువయే.) మన దేశమున, ల్యాబుల నాణ్యతను పరిశీలించు ఎన్.ఏ.బి.ఎల్. సంస్థ గుర్తింపు గల ల్యాబును ఎంచుకొనుట మేలు.

పాప్ ఒక్కటే మార్గము కాదు. హైదరాబాదు చేరువనున్న మేడ్చల్‌లో పాప్‌తోసహా గర్భాశయ ముఖద్వార క్యాన్సరును పసిగట్టు మూడు పరీక్షలను సరిపోల్చి 2010లో ప్రకటించిన అధ్యయనమున, ఆమ్లము పూసి కంటితో చూచు పద్ధతి హెచ్.పి.వి. (ఈ క్యాన్సరుకు మూలమైన వైరస్) పరీక్షకంటె ఎంతో వెనుకబడెను. వీలైనచో హెచ్.పి.వి. పరీక్షనుగూర్చి వైద్యురాలిని అడుగుడు.

నివేదికలో ‘తృప్తికరము’ అని లేనిచో పరీక్షను మరల చేయించుకొనుడు. అకాల రక్తస్రావము కనిపించినచో, నివేదిక ఏమన్నను, వైద్యురాలిని తప్పక కలియుడు.