ఉప్పు కొండ కింద ఊరు

ఉప్పు లేని ఇల్లు ఉంటుందా? ఉండదు. మనకు ఉప్పు ఎక్కువగా సముద్రపు నీటి నుంచి వస్తుంది. మరి సముద్రం లేని దేశం ఉప్పు కోసం ఏం చేస్తుంది?

ఐరోపా ఖండంలో ఆస్ట్రియా అనే దేశం ఉంది. దానికి సముద్రం లేదు. దేశంలో సగానికి పైగా ఆల్ప్స్ కొండలే. ఆ కొండల కడుపులోనే ఉప్పు దొరికింది!

అలా ఉప్పు దొరికిన ఒక ఊరు హాల్‌స్టాట్. ముందు సరస్సు, వెనుక కొండ. మధ్యలో చెక్క ఇళ్లు. ఊళ్లో జనం సుమారు 700 మంది. రైలు దిగితే సరస్సు అవతలి ఒడ్డున దిగాలి. అక్కణ్ణించి పడవ ఎక్కి ఊళ్లోకి రావాలి.

ఈ కొండలో 7,000 ఏళ్ల కిందటే మనుషులు ఉప్పు తీశారు. 1734లో గనిలో పనివాళ్లకు ఒక మనిషి శవం కనిపించింది. ఏ కాలం వాడో! అయినా శవం చెడలేదు. ఊరగాయ చెడకుండా ఉప్పే కాపాడుతుంది కదా. అక్కడా అంతే. 2003లో గనిలో చెక్కమెట్లు దొరికాయి. అవి 3,300 ఏళ్ల కిందటివి.

ఉప్పు ఎలా తీస్తారు? కొండలోకి నీళ్లు వదులుతారు. ఉప్పు కరుగుతుంది. ఆ ఉప్పునీటిని గొట్టాల్లో కిందికి పంపుతారు. మరగబెడితే ఉప్పు మిగులుతుంది. 400 ఏళ్ల కిందట ఇనుప గొట్టాలు వేయలేదు. చెట్ల దుంగలను తొలిచి, ఒకదానికొకటి కలిపి, సుమారు 40 కిలోమీటర్ల గొట్టం వేశారు.

1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. రద్దీ రోజుల్లో 10,000 మంది దాకా వస్తారు. 700 మంది ఉన్న ఊరికి 10,000 మంది చుట్టాలు!

యాత్రికుల వల్ల ఊరికి డబ్బు వస్తుంది. నిజమే. కానీ వీధిలో నడవడానికి చోటుండదు. వాకిట్లో నిలబడి ఫోటోలు తీస్తారు. 2023లో ఊళ్లో చెక్కల దడి కట్టారు, ఫోటోలు తీసేవాళ్లకు కొండ కనబడకుండా. విమర్శలు రావడంతో తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో ఊరివాళ్లు దారికి అడ్డంగా నిలబడ్డారు. "రండి, కానీ ఇంతమంది వద్దు" అన్నదే వాళ్ల మాట.

కూరలో ఉప్పు తగినంత ఉంటేనే రుచి. ఎక్కువైతే నోట పెట్టలేం. యాత్రలూ అంతే. ఏ ఊరు చూడబోయినా, అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారని మరచిపోకూడదు.

ఆలోచించి చెప్పండి:
1. ఆస్ట్రియాలో ఉప్పు కొండల నుంచి ఎందుకు తీయాల్సి వచ్చింది?
2. హాల్‌స్టాట్ వాళ్లు దారికి అడ్డంగా ఎందుకు నిలబడ్డారు?
3. మీ ఊరి జాతరకు వచ్చేవాళ్లు ఎలా మసలుకుంటే మీకు ఇబ్బంది ఉండదు?