విద్యాపీఠమున విద్యార్థి నియమము

వేసవి సెలవులు ముగియు సమయమున సికింద్రాబాదులోని అనేక గృహములందు ఒక ప్రశ్న పుట్టుచుండును. పిల్లలను ఏ విద్యాలయమున చేర్పింపవలెను? తిరుపతిలోని వేద విశ్వవిద్యాలయమునకు గాని, సంస్కృత విశ్వవిద్యాలయమునకు గాని పంపువారు కొందరు. పుట్టపర్తికి పంపువారు కొందరు. ఊరిలోనే ఉన్న క్రైస్తవ సంస్థల కళాశాలలలో చేర్పించువారు మరికొందరు. ఎచట చేర్పించినను దరఖాస్తుతో పాటు ఒక నియమావళి చేతికి వచ్చును. నిద్ర లేవవలసిన వేళ, ఆహారము, వేషము, ప్రార్థన, వసతిగృహము విడిచి వెళ్లుటకు అనుమతి మున్నగునవన్నియు అందులో ఉండును. తల్లిదండ్రులు దానిని తుదివరకు చదువకయే సంతకము చేయుట సాధారణము.

ధర్మసంస్థలు నడుపు విద్యాలయములకు విద్యార్థి నడవడిని శాసించు అధికారము కలదా? కలదన్నచో దానికి ఎల్ల ఏది? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన ధర్మసూత్రములందే దీనికి విస్తారమైన విచారము కలదు.

నియమము విద్యలో భాగము

తెలుగుదేశమున కృష్ణయజుర్వేదులలో పెక్కుమంది ఆపస్తంబ సూత్రమును అనుసరించువారు. ఆ ఆపస్తంబ ధర్మసూత్రము ఆరంభములోనే బ్రహ్మచారి ధర్మములను వివరించుచున్నది. ఉపనయనముతో వటువు ఒక వ్రతమున ప్రవేశించును. సమావర్తన స్నానముతో ఆ వ్రతము ముగియును. నడుమ గడచునదంతయు అధ్యయనమే. స్నానము, సంధ్య, మితాహారము, ఇంద్రియనిగ్రహము, గురుశుశ్రూష అనునవి చదువునకు వెలుపల తగిలించిన కట్టుబాట్లు కావు, చదువులోని అంగములు.

నేటికిని కొన్ని విద్యల విషయమున ఇది సత్యము. తిరుపతిలో 2006లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయమున వేదములును ఆగమములును బోధింపబడుచున్నవి. రేపు అర్చకుడై గర్భాలయమున ప్రవేశింపవలసిన విద్యార్థి సంధ్యావందనము మాని, ఆచారము విడిచి, ఆగమగ్రంథమును మాత్రము కంఠస్థము చేసెనన్నచో అతడు నేర్చినది సగమైనను కాదు. నియమము లేకుండ ఆ విద్య నేర్పుమనుట, నీట దిగకుండ ఈత నేర్పుమనుట వంటిది. ఇట్టి సంస్థ నియమములను విధించుట దాని హక్కు మాత్రమే కాదు, కర్తవ్యము కూడ.

రెండు విధముల సంస్థలు

అయితే ధర్మసంస్థలు నడుపు విద్యాలయములన్నియు ఒక్క తీరువి కావు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాలను, 1952లో శ్రీ పద్మావతి మహిళా కళాశాలను నెలకొల్పిరి. వీనియందు చరిత్ర, గణితము, రసాయనశాస్త్రము మున్నగునవి చదువుటకు పిల్లలు వత్తురు. రసాయనశాస్త్రమునకు స్నానసంధ్యలు అంగములు కావు. పుట్టపర్తిలో 1981లో విశ్వవిద్యాలయ స్థాయి పొందిన శ్రీ సత్యసాయి సంస్థ మరియొక తీరుది. అచట లౌకిక విద్యలే బోధించుచున్నను, వసతిగృహ నివాసము, ప్రార్థన, క్రమశిక్షణ విద్యావిధానములో భాగములు. ఆ జీవనవిధానము తెలిసి, దానిని కోరియే తల్లిదండ్రులు పిల్లలను అచటికి పంపుదురు.

కావున నియమములను కూడ వేరుపరచి చూడవలెను. వేళకు తిరిగి వచ్చుట, మద్యము ముట్టకుండుట, తోటివారిని హింసింపకుండుట వంటివి అందరికిని వర్తించు నియమములు. క్రొత్త విద్యార్థులను బాధించు ర్యాగింగును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే చట్టముచేత నిషేధించినది. బలహీనుని రక్షించు ఇట్టి నియమమును ఎవరును కాదనజాలరు. పూజయందు పాల్గొనవలెననుట, ఒక మతచిహ్నమును ధరింపవలెననుట, ఒక విశ్వాసమును అంగీకరింపవలెననుట మాత్రము వేరు విషయము. మొదటిది నడవడికి సంబంధించినది, రెండవది అంతఃకరణమునకు సంబంధించినది.

భారత రాజ్యాంగపు 28వ అధికరణము ఈ భేదమును గుర్తించినది. పూర్తిగా ప్రభుత్వధనముతో నడుచు విద్యాలయమున మతబోధ కూడదు. ధర్మనిధిచే స్థాపింపబడి, ఆ నిధి ఆశయము మేరకు మతబోధ జరుపవలసిన సంస్థను ప్రభుత్వము నిర్వహించుచున్నచో ఆ నిషేధము వర్తింపదు. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన సంస్థలో విద్యార్థి సమ్మతి లేనిదే, మైనరయినచో సంరక్షకుని సమ్మతి లేనిదే, అతనిని మతబోధకును ఆరాధనకును బలవంతము చేయరాదు. ‘సమ్మతి’ యను ఆ ఒక్క మాటయే ఈ విచారమునకు తాళపుచెవి.

సమ్మతి లేని నియమము కపటమును పెంచును. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చాలకాలము చర్చి సిద్ధాంతములకు ఒప్పుదల సంతకము చేసినవానికే ప్రవేశము లభించెడిది. విశ్వాసము లేనివారిలో కొందరు సంతకము చేసి లోపలికి పోయిరి. సత్యసంధులు బయటనే నిలిచిరి. 1871లో చట్టము ద్వారా అట్టి పరీక్షలు చాలవరకు తొలగింపబడినవి. సత్యమును నిలుపుటకు పుట్టిన నియమము అసత్యమునకు ద్వారమగుట కంటె విచారకరమైనది లేదు.

1938 నాటి అనుభవము

నియమము అంతఃకరణములోనికి చొచ్చినపుడు ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. సికింద్రాబాదు రైలుస్టేషనుకు కొలది మైళ్ల దూరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. 1918లో నిజాము ప్రభుత్వము దానిని స్థాపించెను. ఆ దినములలో అచట ముస్లిం విద్యార్థులకు మతధర్మశాస్త్రము, ఇతరులకు నీతిశాస్త్రము పాఠ్యాంశములుగా నుండెను.

1938వ సంవత్సరాంతమున వసతిగృహపు ప్రార్థనామందిరములలో హిందూ విద్యార్థులు ‘వందేమాతరము’ గానము చేయసాగిరి. సంస్థానమున స్టేట్ కాంగ్రెసు, ఆర్యసమాజ సత్యాగ్రహములు సాగుచున్న కాలమది. ఆ గీతము రాజకీయమైనదనియు, దానివలన ఇతరులకు మనస్తాపము కలుగుననియు అధికారులు తలచి గానమును నిషేధించిరి. విద్యార్థులు వినలేదు. వారిని మొదట వసతిగృహములనుండి, పిదప విశ్వవిద్యాలయమునుండి తొలగించిరి. ఆందోళనము సంస్థానములోని ఇతర కళాశాలలకును వ్యాపించెను. చదువు కోల్పోయిన వారిలో పెక్కుమందిని నాగపూరు విశ్వవిద్యాలయము ఆదరించి చేర్చుకొనెను. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు అట్లు నాగపూరు చేరి చదువు కొనసాగించిన విద్యార్థులలో ఒకరు.

విద్యాలయమున శాంతిని కాపాడు అధికారము ఆనాటి అధికారులకు లేదనరాదు. కాని ప్రార్థనకై యిచ్చిన గదిలో, ప్రార్థన సమయమున, హింస లేకుండ పాడిన పాటకు విధించిన దండనము చదువునే తీసివేయుటయైనది. నేరమునకును దండనమునకును పొంతన కుదరలేదు.

ఈ కథకు మరియొక వైపు కూడ కలదు. 1985లో కేరళలోని ఒక పాఠశాలనుండి యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను తొలగించిరి. జాతీయగీత సమయమున వారు వినయముగా లేచి నిలిచెడివారు. తమ విశ్వాసమునకు విరుద్ధమని పాడెడివారు కారు. 1986లో సుప్రీంకోర్టు వారి తొలగింపు చెల్లదని తీర్పు చెప్పి, తిరిగి చేర్చుకొనుమని ఆదేశించెను. ఒకచోట పాడినందుకు, మరియొకచోట పాడనందుకు చదువు పోయినది. మొదటి దానికి బాధపడిన హృదయము రెండవదానికిని బాధపడవలెను. తన పిల్లలకు జరిగినది అన్యాయమని తలచినవాడు, అధికారము తన చేతికి వచ్చినపుడు ఇతరుల పిల్లలకు దానినే చేయుట ధర్మము కాదు.

ఆచార్యునకును నియమము కలదు

ధర్మసూత్రములలో శిష్యుని నియమములను మాత్రమే చదివి ఆగిపోవువారు పెక్కుమంది. ఆ గ్రంథములు ఆచార్యుని కూడ కట్టుబాటులో నుంచినవి. శిష్యుని పుత్రునివలె చూడవలెననియు, విద్యను దాచక బోధింపవలెననియు, ఆపదయందు తప్ప చదువునకు భంగము కలుగునట్లు అతనిచే సేవ చేయించుకొనరాదనియు ఆపస్తంబుడు శాసించెను. ఆచార్యుడు పొరపాటున గాని, తెలిసి గాని నియమము తప్పినచో శిష్యుడు దానిని ఏకాంతమున అతనికి తెలుపవచ్చునని కూడ చెప్పెను. తప్పు చేసిన శిష్యునికి ఆయన చెప్పిన దండనములు నాలుగు: బెదిరించుట, ఉపవాసము, చన్నీటి స్నానము, కొంతకాలము కంటికి కనబడవద్దనుట. అవియు తప్పుకు తగిన పరిమాణముననే, అతడు తప్పునుండి మరలు వరకే. దండనమునకు ప్రయోజనము శిష్యుడు తిరిగి రావలెననుటయే గాని పోవలెననుట కాదు.

గౌతమ ధర్మసూత్రము మరియొక అడుగు ముందుకు వేసినది. శిష్యుని కొట్టకయే సరిదిద్దవలెను. అది సాధ్యము కానిచో సన్నని త్రాటితోగాని వెదురుబద్దతోగాని మాత్రమే శిక్షింపవచ్చును. వేరొకదానితో కొట్టు గురువును రాజు దండింపవలెను. గురువునకు పైన కూడ ఒక న్యాయస్థానము కలదని దీని భావము. నేటి చట్టము పాఠశాలలో దేహశిక్షను పూర్తిగా నిషేధించినది. అది గౌతముడు చూపిన దారిలో ఇంకను ముందుకు పోయినది.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో చదువు ముగించి వెళ్లు శిష్యునకు ఆచార్యుడు చేసిన ఉపదేశము ప్రసిద్ధము. స్నాతకోత్సవములందు దానిని నేటికిని స్మరించుచుందురు. సత్యము, ధర్మము, స్వాధ్యాయము, మాతాపితరుల సేవ చెప్పిన పిదప ఆ ఆచార్యుడు ఒక ఆశ్చర్యకరమైన మాట పలికెను. తమ నడవడిలో మంచివి యేవో వానినే అనుసరింపవలెను, తక్కినవానిని కాదనెను. తానే దోషరహితుడనని ఆయన చెప్పుకొనలేదు. నడవడి విషయమున సందేహము కలిగినచో విచారశీలురు, ధర్మాసక్తులు, కఠినులు కాని పెద్దలు ఎట్లు వర్తింతురో చూచి అట్లు వర్తింపుమనెను. నియమమునకు అర్థము చెప్పువాడు కఠినుడు కారాదనుట ఇచట గమనింపదగినది.

భగవద్రామానుజుల విద్యార్థి దశ

శ్రీవైష్ణవ గురుపరంపరలో దీనికి జీవమున్న నిదర్శనము కలదు. రామానుజులు కాంచీక్షేత్ర సమీపమున యాదవప్రకాశుల యొద్ద చదువుచుండిరి. ఛాందోగ్యమునందలి భగవానుని నేత్రవర్ణనకు గురువు చెప్పిన నీచమైన ఉపమానమును విని శిష్యుని కన్నుల నీరు నిండెను. సూర్యకిరణములచే వికసించిన తామరయను అర్థమును ఆయన వినయముతో విన్నవించిరి. రామానుజులు ఏ ఆచారమును తప్పలేదు, శుశ్రూషను మానలేదు. గురువుగారితో భేదించినది అర్థమున మాత్రమే. అయినను గురువునకు కోపము కలిగెను. అది పెరిగి కాశీయాత్ర నెపమున ప్రాణహాని తలపెట్టు వరకు పోయినదని, వరదరాజస్వామి కిరాతవేషమున వచ్చి రక్షించెనని పెద్దలు చెప్పుదురు.

కాలాంతరమున ఆ యాదవప్రకాశులే రామానుజుల నాశ్రయించి శిష్యులైరి. ‘యతిధర్మసముచ్చయ’మను గ్రంథమును రచించిరి. అది సన్న్యాసుల నడవడిని నిరూపించు నియమగ్రంథము. శిష్యుని సహింపలేకపోయిన ఆచార్యుడు, తాను నియమమునకు లోబడిన పిదపనే నియమమును వ్రాయుటకు అర్హుడాయెను. రామానుజులు పూర్వవైరమును తలచి తలుపు మూయలేదు.

గృహస్థులు గమనింపవలసినది

ధర్మసంస్థలు విద్యార్థులకు నియమములను ఉంచుటయే తగును. నియమము లేని వసతిగృహమున పిల్లవాడు స్వతంత్రుడు కాడు, బలవంతుని చేతిలో చిక్కును. అయితే ఆ నియమము చేరుటకు ముందే స్పష్టముగా తెలియవలెను. చదువునకు అంగమైన నియమమును అందరిపై ఉంచవచ్చును. ఆరాధనకు సంబంధించినది సమ్మతి మీదనే నిలువవలెను. ఆరోపణ వచ్చినపుడు విద్యార్థి మాట వినవలెను. దండనము తప్పుకు మించరాదు. ఇమడలేనివానికి సర్టిఫికెట్లు ఆపకుండ, అవమానము లేకుండ వేరొకచోట చదువుకొను మార్గము ఉండవలెను. అన్నిటికంటె మిన్నగా, పిల్లలకు విధించినదానిని పెద్దలు ముందు తాము ఆచరింపవలెను.

నియమావళిపై సంతకము చేయుటకు ముందు తండ్రి దానిని ఒక్కమారు పూర్తిగా చదివి, పిల్లవానికి చదివి వినిపించి, నీకు సమ్మతమా యని అడుగుట మంచిది. వాడు ‘కాదు’ అన్నచో ఆ మాటను కూడ వినవలెను. మనసార అంగీకరించినది వ్రతమగును. భయముతో మోసినది బరువగును. విద్యార్థులకు వ్రతబుద్ధిని, ఆచార్యులకు వాత్సల్యమును శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.