పెరుగు తోడును, నైసిన్ అను రక్షక పదార్థమును



వేసవిలో కాచిన పాలను తోడు వేయక విడిచినచో మఱునాటికి విరిగి దుర్వాసన కొట్టును. తోడు పెట్టిన పాలు పులియునే గాని అంత త్వరగా కుళ్లవు. ఈ భేదమునకు కారణమేమి?

తోడులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండును. ఇవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. ఆ పులుపులో కుళ్లించు జీవులు పెక్కు పెరుగజాలవు. ఇది మొదటి కాపు. రెండవ కాపు ఈ జీవులలో కొన్ని జాతులు విడుచు చిన్న మాంసకృత్తులు. వీనిని బాక్టీరియోసిన్లందురు. ఒకే మడిలో పైరును కలుపును పోరాడునట్లు, పాలలో నీ జీవులు ఆహారమునకై పోరాడును; బాక్టీరియోసిన్లు వాని ఆయుధములు.

వీనిలో ప్రసిద్ధమైనది నైసిన్. దీనిని లాక్టోకోకస్ లాక్టిస్ అను జీవి తయారుచేయును. 1928లో అమెరికాలో రోజర్సు, విట్టియరు అనువారు ఈ జీవి మఱియొక పెరుగుజీవిని ఎదుగనీయకుండుట గమనించిరి. 1933లో న్యూజీలాండు దేశమున వైట్‌హెడ్డు, చీజు చేయు పాలు సరిగా పులియకుండ నడ్డగించు నిట్టి పదార్థమును శోధించి, అది మాంసకృత్తు జాతిదని చూపెను. 1947లో ఇంగ్లండులో మాటిక్కు, హర్షు దానికి నైసిన్ అని పేరిడిరి. నాడు నష్టము గలిగించినదే నేడు చీజును, డబ్బా ఆహారములను కాపాడుచున్నది.

నైసిన్ 34 అమైనో ఆమ్లముల గొలుసు. శత్రుజీవి తన గోడ కట్టుకొనుటకు దెచ్చుకొను ఇటుకవంటి పదార్థమును పట్టుకొని, లోపలి పొరకు రంధ్రములు పొడుచును. సారము కారిపోయి ఆ జీవి చచ్చును. కాచినను చావని విత్తులవంటి రూపముగల జీవులను సైతము ఇది మొలకెత్తనీయదు. మన కడుపులోని జీర్ణరసములు దీనిని తక్కిన మాంసకృత్తులవలెనే అరిగించును.

అయినను దీనికి హద్దు గలదు. పేడవలన పాలలో చేరు ఎషరీషియా కోలై వంటి జీవులకు వెలుపల మఱియొక పొర యుండుటచే నైసిన్ వానిని సాధారణముగా సోకజాలదు. బూజునకును పనిచేయదు. అంతియేకాక, ప్రతి యింటి తోడును నైసిన్ చేయునని తలపరాదు. కావున శుభ్రతకు బదులు మఱియొకటి లేదు.

నేను చూచిన యొక సంగతి. పొదుగువాపునకు పెన్సిలిన్ ఎక్కించిన గేదె పాలను ఒక సభ్యుడు తెలియక సంఘపు డబ్బాలో కలిపెను. ఆ రాత్రి పెట్టిన తోడు తోడుకొనలేదు. మందు తోడుజీవులనే చంపెను. ఒకని పొరపాటునకు అందఱి పాలును వ్యర్థమయ్యెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి:

1. పితుకుటకు ముందు చేతులను, పొదుగును కడుగుడు.

2. పాలు కాచి, గోరువెచ్చగా నున్నపుడే మంచి తోడు వేయుడు.

3. బూజు పట్టిన, జిగురు సాగిన తోడును పాఱవేయుడు.

4. మందు వాడిన పశువు పాలను వైద్యుడు చెప్పిన దినములు గడచువఱకు ఇంట వాడకుడు, సంఘమునకు పోయకుడు.