ఇంటిపనికి వేళ కట్టు

రాజంపేట

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. అంతకు ముందే మీ మేనత్త కువైట్‌లోని మీ సాల్మియా నుంచి దిగి, మీ కిటికీ గట్టు మీద వేలితో పేరు రాయొచ్చని వీధంతా చెప్పింది. నువ్వేమో గిన్నెలూ గుడ్డలూ అయ్యేసరికి రాత్రి పదకొండవుతోందనీ, నవల చివరి అధ్యాయాల దగ్గర ఆగిపోయిందనీ రాశావు. ఆమె మాట వదిలెయ్. నాకు దిగులు పట్టుకున్నది నీ మాటతోనే.

ముందు ఆ దుమ్ము సంగతి. అది నీ బద్ధకం వల్ల వచ్చింది కాదమ్మా. వాయవ్యం నుంచి, ఇరాక్ ఎడారి మీదుగా షమాల్ గాలి లేచిందంటే జూన్, జూలైల్లో మీ ఊళ్లో ఎవరిల్లయినా అంతే. 2022 మే నెలలో ఆ దుమ్ముకి కువైట్‌లో విమానాలే ఆగిపోయాయి. గాలి ఉన్న రోజు అసలు చీపురు పట్టకు. పొడిగా ఊడిస్తే కిందున్నది పైకి లేస్తుంది, పిల్లవాడికి ఆయాసం. పాత చీర చింపి, తడిపి, గట్టిగా పిండి, కిటికీ తలుపు జరిగే గాడిలో పొడుగునా కుక్కు. ఏసీ జాలీ వారానికోసారి విప్పి కుళాయి కింద కడుగు, పూర్తిగా ఆరాకే బిగించు. గాలి తగ్గిన మర్నాడు తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. తలగడ గలీబులు మాత్రం ఆ రోజే మార్చాలి. పరుపు దులపొద్దు. తలుపు కింది సందు మరిచిపోకు, అక్కడా ఒక గుడ్డ పెట్టు.

మొన్న ఫోటోలో కళ్ల కింద ఆ నలుపేంటి తల్లీ? నిద్ర పోతున్నావా?

నా చిన్నప్పుడు వారపత్రిక వచ్చే రోజు మీ అవ్వ పొయ్యి మీద పప్పు పెట్టి, గడపలో కూచుని సీరియల్ నాచేత చదివించుకునేది. ఆమెకు చదువు రాదు. పప్పు అడుగంటేది. తాత గొణిగితే, "పప్పు రేపూ ఉడుకుతుంది, ఇది మళ్లీ వచ్చే వారమే" అనేది. ఆ మాడిన పప్పే అందరం తిన్నాం. తాత కూడా చివరికి కథ ఎంతదాకా వచ్చిందని అడిగేవాడు. ఇంటింటికీ వంటలు నేర్పిన మాలతీ చందూర్ గారే 'హృదయనేత్రి' రాసి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆవిడ గిన్నెలు ఎప్పుడు తోముకున్నారని మేమెవరమూ అడగలేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ నీకు నేనే ఇచ్చాను, గుర్తుందా? ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు. నువ్వు అటు పోతావేమోనని నా భయం.

నీ నవల కోసం వెతికి నాకు చెప్పింది నువ్వే కదా, కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లకి రోజుకి 12 గంటలు మించకూడదంటుందని, వారానికో సెలవు ఇవ్వాలంటుందని. అమలు సంగతి ఆ అమ్మాయిలకే తెలియాలి. అయినా ఇంటిపనికి ఒక హద్దుందని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు గదా. నీ ఇంట్లో నీకు ఆ హద్దు లేదు. పెట్టుకో. పొద్దున అల్లుడుగారూ పిల్లవాడూ బయటికెళ్లాక మొదటి మూడు గంటలు రాత. సింకు నిండా గిన్నెలున్నా అటు చూడకు. ఇంటిపని ఆ తర్వాతే, అదీ రాత్రి ఎనిమిదికి ఎక్కడిదక్కడ ఆపెయ్. శుక్ర, శనివారాలు అల్లుడుగారికి సెలవే. ఆ రెండు రోజులూ వంటా గిన్నెలూ ఆయనవి. పెద్దమ్మ చెప్పిందని చెప్పు, కాదనడు, మంచివాడు.

వంట కుదరని రోజు ఖుబ్బూస్ రొట్టె, పెరుగు తినండి, తప్పేం లేదు. తిండి మానడమే తప్పు. పక్కవీధి అబ్బాయి వచ్చే వారం కువైట్ వస్తున్నాడు. పప్పులపొడి, చింతకాయ తొక్కు ఇచ్చి పంపుతున్నా. రాసినంతవరకు కాగితాల మీద అచ్చు తీసి, వాడు సెలవుకి వచ్చేటప్పుడు వాడి చేతికివ్వు. ఫోన్లో నాకు అక్షరాలు ఆనవు. నీ నవలలోని ఆ రాయచోటి అమ్మాయికి పాస్‌పోర్టు చేతికొచ్చిందా లేదా? ఊరికి చేరుతుందా? అది నువ్వు రాస్తేగానీ నాకు తెలియదు.

మీ పెద్దమ్మ