మలేరియా పరాన్నజీవి ఉపరితల ప్రోటీన్ల పరిశీలన - ప్రయోగశాల పద్ధతులు

దోమ జీర్ణాశయ గోడలో పెరుగుతున్న మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో గుర్తించారు. మానవ రక్తంలో ఈ పరాన్నజీవి ఎక్కువ కాలం ఎర్రరక్తకణాల లోపలే దాగి ఉంటుంది. ఒక కణాన్ని విడిచి మరొక కణంలో ప్రవేశించే మీరోజోయిట్ దశలో మాత్రం స్వల్పకాలం ప్రతిదేహాలకు నేరుగా ఎదురవుతుంది. అందువలన మీరోజోయిట్ ఉపరితల ప్రోటీన్లు టీకా పరిశోధనలో ముఖ్యమైనవి. అయితే పరీక్షలో ప్రోటీన్ సహజ ఆకృతి చెదిరితే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

పరాన్నజీవి పెంపకం: ప్లాస్మోడియం ఫాల్సిపారమ్‌ను మానవ ఎర్రరక్తకణాలలో నిరంతరంగా పెంచే పద్ధతిని ట్రేగర్, జెన్సన్ 1976లో ప్రకటించారు. ఆర్.పి.ఎం.ఐ. 1640 మాధ్యమంలో, ఆక్సిజన్ తక్కువగా ఉండే వాతావరణంలో, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది పెరుగుతుంది. దీని రక్తదశ చక్రం సుమారు 48 గంటలు. 5 శాతం సార్బిటాల్ ద్రావణంతో శుద్ధి చేస్తే ముదిరిన దశలు నశించి, ఉంగరపు దశలు మిగులుతాయి. తద్వారా పరాన్నజీవులన్నీ దాదాపు ఒకే వయస్సుకు వస్తాయి.

జెల్ విశ్లేషణ: ఎం.ఎస్.పి.-1 సుమారు 200 కిలోడాల్టన్ల ప్రోటీన్. ఇది ముక్కలుగా విడిపోగా, చివరి 19 కిలోడాల్టన్ల ఖండం మాత్రమే పరాన్నజీవితోపాటు కొత్త కణంలోనికి ప్రవేశిస్తుంది. ఈ ఖండం ఆకృతిని డైసల్ఫైడ్ బంధాలు నిలుపుతాయి. నమూనాకు బీటా-మెర్కాప్టోఇథనాల్ చేర్చినచో ఈ బంధాలు తెగిపోతాయి. అప్పుడు ఆకృతిని బట్టి గుర్తించే ప్రతిదేహాలు వెస్ట్రన్ బ్లాట్‌లో అతుక్కోవు. సీరంలో రక్షక ప్రతిదేహాలు పుష్కలంగా ఉన్నప్పటికీ పట్టీ కనిపించదు. కావున నమూనాను రెండు భాగాలుగా చేసి, ఒకదానిని ఈ రసాయనంతోనూ, మరొకదానిని అది లేకుండానూ నడిపి పోల్చవలెను.

ఎలైసా: దీనికి వాడే పునస్సంయోజిత ప్రోటీన్ సరిగా మడతపడినదై ఉండవలెను. ఇ. కోలై బాక్టీరియాలో తయారైనది తరచు తప్పుగా మడతపడుతుంది. క్షీరద కణాలలో తయారైన దానికి, పరాన్నజీవి చేర్చని చక్కెర గొలుసులు చేరవచ్చు. అందుచేత ఆ స్థానాలను ముందుగానే మార్చుతారు.

ఇమ్యునోఫ్లోరసెన్స్: మిథనాల్ లేదా అసిటోన్‌తో స్థిరీకరించినపుడు పొరలు తెరుచుకొని లోపలి ప్రోటీన్లు కూడా వెలుగుతాయి. ప్రోటీన్ ఉపరితలానిదేనని నిర్ధారించుటకు పొర చెదరని మీరోజోయిట్లను వాడవలెను.

ప్రతి పరీక్షలో మలేరియా సోకని వ్యక్తుల సీరంను, పరాన్నజీవి లేని ఎర్రరక్తకణాలను పోలిక కొరకు ఉంచవలెను.

పట్టీ కనబడనంత మాత్రాన ప్రతిదేహం లేదని తీర్మానించుట తగదు. అట్టి తొందరపాటు వలన ఉపయోగకరమైన టీకా ప్రోటీన్ ఆదిలోనే తిరస్కరణకు గురికావచ్చు. పంటల వైరస్‌లను ఎలైసాతో గుర్తించే వ్యవసాయ ప్రయోగశాలలకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.