హార్డ్ డిస్క్ ఒక్కోసారి కనిపించకపోతే ఏం చేయాలి?

ఉదయం కంప్యూటర్ స్విచ్ వేశారు. హార్డ్ డిస్క్ లేదని తెర మీద సందేశం వచ్చింది. ఆపి మళ్ళీ వేస్తే మామూలుగానే పనిచేసింది. ‘బాగయిందిలే’ అని ఊరుకోకండి. డిస్క్ కనిపించిన ఆ పూటే మీ లెక్కలు, ఫోటోలు వేరే డిస్క్‌లోకి నకలు చేసుకోండి. డిస్క్ మళ్ళీ కొనవచ్చు, అందులోని సమాచారం కొనలేం.

కారణాలు

కరెంటు అందగానే బయాస్ అనే ప్రోగ్రాము డిస్కుల కోసం వెతుకుతుంది. కొత్త యంత్రాల్లో ఈ పని యుఇఎఫ్ఐ చేస్తుంది. డిస్క్‌లోని పళ్ళేలు పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సమయంలోనే డిస్క్‌కు ఎక్కువ కరెంటు కావాలి. పవర్ సప్లై బలహీనపడినా, కేబుల్ వదులైనా, డిస్క్ పాడవుతున్నా వేళకు జవాబు అందదు.

చేసి చూడండి (డెస్క్‌టాప్)

ముందుగా ప్లగ్ తీసివేయండి.

1. సాటా డిస్క్‌కు 7 పిన్నుల డేటా కేబుల్, 15 పిన్నుల పవర్ కేబుల్ ఉంటాయి. రెండింటినీ తీసి, సరిగా బిగించండి.
2. లోపం మళ్ళీ వస్తే డేటా కేబుల్ మార్చండి. తరువాత మదర్‌బోర్డు మీది సాకెట్, ఆపైన పవర్ సప్లై మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి.
3. డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి కొన్ని రోజులు గమనించండి. అక్కడా ఇదే జరిగితే లోపం చాలావరకు డిస్క్‌దే.

గమనిక: డిస్క్ టక్‌టక్‌మని శబ్దం చేస్తుంటే పదేపదే ఆన్ చేయకండి. నకలు లేకపోతే నిపుణునికి చూపించండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఒక దుకాణదారు కేబుల్, పవర్ సప్లై ఒకేసారి మార్చాడు. లోపం పోయింది. ఏది చెడిందో అతను చెప్పగలడా? ఎందుకు?

జవాబు: చెప్పలేడు. రెండూ ఒకేసారి మార్చాడు కనుక.