నగరమా? శివారా? – ఉద్యోగార్థం తరలేవారి నివాస సమస్య

కూడు, గుడ్డ, నీడ – ఈ మూడింటిని మానవుని ప్రాథమికావసరాలుగా పెద్దలు పేర్కొన్నారు. వీనిలో మొదటి రెండింటిని మనం ప్రతిదినం ఎన్నుకొంటాము; పొరపాటు జరిగితే మరునాడు దిద్దుకొంటాము. మూడవదాని సంగతి అట్టిది కాదు. ఒకసారి ఇల్లు కుదుర్చుకొని సామాను దించిన తరువాత, ఆ నిర్ణయ ఫలితాన్ని కుటుంబమంతా ఏళ్ళ తరబడి అనుభవించవలసి ఉంటుంది.

మన కళాశాల విద్యార్థులలో పలువురు పట్టా పుచ్చుకొన్న వెంటనే ఉద్యోగార్థమై హైదరాబాదుకు తరలుతున్నారు. నియామకపు ఉత్తరువు చేతబట్టుకొని మా వద్దకు వచ్చి వారడిగే మొదటి ప్రశ్న ఉద్యోగాన్ని గురించి కాదు. "సార్, ఇల్లెక్కడ తీసుకోమంటారు? ఊళ్ళోనా, బయటనా?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి ఒక్క మాటలో సమాధానం లేదు. కాని సమాధానాన్ని వెదకే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

పదాల పరిశీలన

'శివారు' అనగా ఊరి పొలిమేర, పొలాల హద్దు. ఊరు ముగిసే చోటు అన్నమాట. 'మొహల్లా' అనే ఉర్దూ పదానికి మూలం అరబ్బీ. ఆ ధాతువుకు ముడి విప్పుట, దిగుట అని అర్థాలున్నవి. బాటసారులు మూటల ముడులు విప్పి దిగిన చోటు మొహల్లా. ఈ రెండు పదాలలోనే మన సమస్య అంతా ఇమిడి ఉన్నది. హద్దు దాటి దూరంగా పోవుటా, నలుగురూ దిగిన చోటనే దిగుటా?

నిన్నటి శివారే నేటి నగరం

హైదరాబాదు నగరమే ఒకనాటి శివారు. గోలకొండ కోటలో జనం క్రిక్కిరిసి, నీటికి కటకట ఏర్పడినందున 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణపు టొడ్డున క్రొత్త నగరానికి పునాది వేసినాడని చరిత్రకారులు చెపుతారు. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసినది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహావరద వేలాది ప్రజలను బలిగొన్నది. ఆ అనుభవంతో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు వాడలను తొలగించి, క్రొత్త గృహాలను నిర్మించినది.

1960ల దశకంలో ప్రభుత్వరంగ కర్మాగారాలు నగరానికి వెలుపల లేచినవి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., 1967లో ఇ.సి.ఐ.ఎల్. అట్టివే. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఆ సంస్థలు తాము దూరంగా వెళ్ళినపుడు కార్మికులకు క్వార్టర్లు కట్టించినవి. పాఠశాలను, ఆసుపత్రిని కూడ ఏర్పరచినవి. అనగా దూరపు భారాన్ని చాలవరకు సంస్థయే మోసినది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఉద్యోగాలు పడమటి దిక్కుకు తరలినవి గాని, వానితోపాటు క్వార్టర్లు రాలేదు. నేటి సంస్థ జీతమిచ్చి ఊరుకొంటుంది. ఇంటిని వెదకే బాధ్యత, దూరాన్ని భరించే బాధ్యత ఉద్యోగి కుటుంబానివే.

అద్దె, దూరం, కాలం

విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త 1964లో ప్రకటించిన గ్రంథంలో ఒక సూత్రాన్ని ప్రతిపాదించినాడు. నగర కేంద్రానికి దూరమైన కొలది నేల వెల తగ్గుతుంది, ప్రయాణ వ్యయం పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఎవరి శక్తికి తగిన బిందువు వద్ద వారు స్థిరపడతారు. సూత్రం సులభమే. కాని ఉద్యోగాలన్నీ కేంద్రంలో ఉన్నపుడే అది నేరుగా వర్తిస్తుంది. హైదరాబాదులో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వంటి ఒకనాటి శివారులే నేడు ఉద్యోగ కేంద్రాలు. చార్మినారు వద్ద నివసించేవాడు నగర హృదయంలో ఉండి కూడ తన ఉద్యోగానికి శివారులో ఉన్నట్లే లెక్క. కనుక "నగరమా, శివారా" అన్న ప్రశ్నను "పనికి ఎంత దూరం" అని మార్చుకొనుట మొదటి మెట్టు.

రెండవ మెట్టు లెక్క కట్టుట. ఒక ఉదాహరణను ఊహింతము. పనికి దగ్గరలో ఇంటి అద్దె 14,000 రూపాయలు, దూరంలో 9,000. మిగులు 5,000 రూపాయలని మనవాడు సంతోషిస్తాడు. దూరం నుండి రాకపోకలకు రోజుకు 60 రూపాయలు అధికమైతే 25 పనిదినాలకు 1,500. నికరపు మిగులు 3,500. రోజుకు గంటన్నర కాలం అధికంగా పోతే నెలకు 37 గంటల 30 నిమిషాలు. అనగా అతడు తన జీవితంలోని ఒక్కొక్క గంటను సుమారు 93 రూపాయలకు అమ్ముకొన్నాడు. నెలకు 30,000 రూపాయల జీతంపై దినానికి ఎనిమిది గంటలు పనిచేసేవాని గంట వెల 150 రూపాయలు. తన సంస్థ ఇచ్చేదానికంటె తక్కువ ధరకు అతడు తన కాలాన్ని రహదారికి ఇచ్చివేసినాడన్నమాట. వేరొకరి లెక్కలో ఈ అంకెలు మారవచ్చు. ఫలితం తారుమారు కూడ కావచ్చు. లెక్క వేయకుండ ఇల్లు తీసుకొనుట మాత్రం తగదు.

వాహన సౌకర్యం ఈ లెక్కను మార్చగలదు. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైనవి. మెట్రో తొలిదశలో మూడు మార్గాలు కలిపి సుమారు 69 కిలోమీటర్లు. పాతబస్తీలోనికి పోయి ఫలక్‌నుమా చేరవలసిన భాగం ఆ దశలో నిర్మింపబడలేదు. స్టేషనుకు నడిచిపోగల శివారు ఇల్లు, రెండు బస్సులు మారవలసిన నగరపు ఇంటికంటె మేలు కావచ్చును. కిలోమీటర్లను గాక నిమిషాలను కొలవవలెననుటకు ఇదే కారణం.

ఇరుగుపొరుగు

ఇంటికంటె ముందు ఇరుగును చూడుమని అరబ్బీ సామెత. ఈ విషయంలో ఒక చేదు నిజాన్ని దాటవేయుట మాకు ఇష్టం లేదు. మేము ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ఒక పట్టణంలో ఇంటికై తిరిగినాము. వాకిట 'టు లెట్' బోర్డు వ్రేలాడుతున్న మూడిండ్లలో పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండి" అన్న సమాధానం లభించినది. మరునాడు కూడ ఆ బోర్డులు అక్కడే ఉన్నవి. నాల్గవ ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. పేరు విని, "తెలుగు మాస్టారా! పై వాటా ఖాళీగా ఉంది, చూడండి" అని తాళంచెవి చేతికిచ్చినారు. ఆ వాటాలో నాలుగేళ్ళున్నాము. రంజాను మాసంలో సహరీ వేళకు మా దీపం వెలుగకపోతే ఆ ఇంటి అమ్మగారే వచ్చి తలుపు తట్టేవారు.

మూడు తలుపులు మూసుకొన్న పిదప నాల్గవదానిని తట్టే ఓపిక అందరికీ ఉండదు. అందుచేత మన యువకులు పలువురు నేరుగా తమవారున్న మొహల్లాకే పోతున్నారు. మొహల్లాలో సుగుణాలు లేకపోలేదు. నడిచిపోయే దూరంలో మసీదు, ఉర్దూ చదువు, ఆపదలో అర్ధరాత్రి పలికే పొరుగువారు – ఇవి డబ్బుతో దొరికేవి కావు. అయితే ప్రేమతో ఎన్నుకొన్న మొహల్లా వేరు, వేరే దారి లేక చేరిన మొహల్లా వేరు. ఆ భేదాన్ని గుర్తింపకపోతే అద్దె తక్కువన్న సంతోషంలో అవకాశాలను కోల్పోతాము.

దూరపు వెలను చెల్లించేదెవరు?

మా పూర్వ విద్యార్థిని ఒకామెకు హైదరాబాదు పడమటి భాగంలోని ఒక కార్యాలయంలో ఉద్యోగం లభించినది. అంతకు కొలది నెలల ముందే ఆమె కుటుంబం నగరానికి తరలి, పెద్ద కుమారుని దుకాణానికి చేరువగా పాతబస్తీలో ఇల్లు తీసుకొన్నది. ఆమెకు రాకపోకలకు రోజుకు మూడు గంటలు పట్టేది. చలికాలంలో చీకటి పడిన తరువాత ఇల్లు చేరేది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సౌకర్యం కలిగినది గనుక ఆమె టిక్కెట్టుకు చెల్లించినదేమీ లేదు. కాని కాలం ఉచితం కాదు, తల్లి ఆందోళన ఉచితం కాదు. ఆరు నెలలకు ఇంటివారు ఉద్యోగం మాన్పించినారు. "అన్నయ్య మంచివాడే సార్. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనూ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నానని ఎవరికీ గుర్తు రాలేదు, అంతే" అని ఆమె మాతో అన్నది.

ఇందుకు విపర్యయమైన సంగతి కూడ కలదు. ఒక యువకుడు శివారులో విశాలమైన క్రొత్త వాటా తీసుకొన్నాడు. అతడు ఉదయం ఎనిమిదికి పోయి రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు. అంతసేపూ భార్య, వృద్ధురాలైన తల్లి మాట్లాడే దిక్కు లేక గడిపేవారు. తల్లికి ఆయాసం వచ్చిన రోజున ఆటో దొరకుటకే అరగంట పట్టినది.

ఈ రెండు ఉదంతాల సారం ఒక్కటే. ఇంటి అద్దెను సంపాదించేవాడు చెల్లిస్తాడు. దూరపు వెలను సంపాదన లేనివారు, మాట చెల్లనివారు చెల్లిస్తారు. ఇంటి నిర్ణయం ఒక్కని లెక్కతో జరుగరాదు.

ఇల్లు కుదుర్చుకొనే ముందు

1. ఆదివారం నాడు ఇల్లు చూచి మురిసిపోరాదు. పనిదినాన కార్యాలయ వేళకు అక్కడినుండి పని చోటికి ఒకసారి ప్రయాణించి నిమిషాలు వ్రాసుకొనవలెను.

2. నీరు నల్లా ద్వారా వచ్చునా, ట్యాంకరు కొనవలెనా అని ఇరుగువారిని అడుగవలెను. ట్యాంకరు ఖర్చు కూడ అద్దెలో భాగమే.

3. వానకాలంలో వీధి మునుగునా అని విచారింపవలెను. 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షాలకు హైదరాబాదులో చెరువుల దిగువనున్న కాలనీలనేకం జలమయమైనవి.

4. అద్దె పత్రాన్ని చదివి సంతకం చేయవలెను. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. పదకొండు నెలల పత్రాలు వాడుకలోనికి వచ్చుటకు కారణం ఇదే. అడ్వాన్సు తిరిగి ఇచ్చే గడువు పత్రంలో ఉండవలెను.

5. సాధ్యమైతే తొలి రెండు మూడు నెలలు హాస్టలులోనో, బంధువుల ఇంటనో ఉండి, ఊరి పోకడ తెలిసిన పిదప కుటుంబాన్ని తరలింపవలెను.

6. ఇంటిలోని ప్రతి వ్యక్తిని – చదివే చెల్లెలిని, ముదుసలి తల్లిని కూడ – "ఇక్కడినుండి నీవు రోజూ ఎక్కడికి పోవలెను?" అని అడుగవలెను.

ముగింపు

ఒంటరి యువకునికి పనికి చేరువనున్న చిన్న గది చాలును. ఇంట ఇద్దరు ఉద్యోగులున్నచో ఇద్దరికీ సమదూరంలో, రైలు మార్గానికి దగ్గరగా ఉన్న ఇల్లు మేలు. వృద్ధులు, పసివారు ఉన్నచో ఆసుపత్రి, పాఠశాల, తెలిసిన పొరుగు ముఖ్యం. ఇవి అటు నగరంలోనూ దొరకవచ్చు, ఇటు శివారులోనూ దొరకవచ్చు.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. హైదరాబాదు మొదలైన నగరాలలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల పేర్లను వారి వారి పేటల ప్రకారం ఒక రిజిష్టరులో వ్రాసి ఉంచినచో, ఏటేటా తరలివెళ్ళే పిల్లలకు నాల్గవ తలుపు ఎక్కడున్నదో చెప్పేవారుంటారు. దీనికి ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

విద్యార్థులారా! మీలో పలువురు త్వరలో మూటలు కట్టుకొని బయలుదేరేవారే. ఆ మూటల ముడులు ఎక్కడ విప్పినా, మీతో వచ్చినవారందరినీ అడిగి విప్పండి.